ఒక్క ప్రతే మిగలాలి

‘ఉప్పు గంటల పట్నం’ బజారులో దొరకడం మానేసిందని మా అక్క కనిషై చెప్పినప్పుడు నేను నవ్వేశాను. బొగ్గు దొరకడం లేదన్నా నమ్ముతాను గానీ ఇదెలా నమ్మడం? ఆ నవల లేని ఇల్లు మా దేశంలో ఉండదు. నరిన్ వైపు ఒక బడిపంతులు యుద్ధానికి ముందెప్పుడో రాశాడు. తాన్‌సులూ అనే గొర్రెలు కాసే పిల్ల సరస్సు అడుగున మునిగిపోయిన పట్నంలోకి దిగి, ఉప్పుతో పోత పోసిన గంటలు మోగించి, నిద్రలోనే ఉండిపోయిన జనాన్ని లేపే కథ. మా అమ్మ చదివింది. చిన్నప్పుడు కరకోల్‌లో ఒకే దుప్పటి కింద దూరి నేనూ మా అక్కా చదివాం. మా పిల్లలు తిట్టుకుంటూనైనా చదివారు.

"నవ్వకు సైరా. ఆదివారం సంత మొత్తం తిరిగాను. నీలం అట్టది కూడా లేదు," అంది అక్క.

నీలం అట్టదంటే నిజంగానే ఆశ్చర్యం. పాత రోజుల్లో ప్రభుత్వం లక్షల్లో అచ్చు వేసింది దాన్ని. టీ గ్లాసుల కింద, విరిగిన మంచం కోళ్ల కింద, ఎక్కడ చూసినా అదే ఉండేది.

"అమ్మేవాళ్లు ఏమన్నారు?"

"కొనేవాడొకడు వస్తున్నాడట. బేరమాడడట. చిరిగింది ఇచ్చినా తీసుకుంటాడు, తడిసింది ఇచ్చినా తీసుకుంటాడట. సంచుల్లో వేసుకుని పోతాడట." మా అక్క కళ్లు మెరిశాయి. "నాలాంటి పిచ్చివాడు ఇంకొకడున్నాడే ఈ ఊళ్లో!"

మా అక్క బిష్కెక్‌లో పళ్ల డాక్టరు. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "రోజంతా పరాయివాళ్ల నోళ్లు చూస్తాను, ఇంటికొచ్చి ఇంకో నోటి మాట వినాలా?" అనేది. సంపాదించినదంతా ఆ ఒక్క నవల మీదే పెట్టింది. ముందుగది గోడ నిండా అదే పుస్తకం. నీలం అట్టవే వరసగా ఎన్నో. ఒకదాన్లో ఎవరి పిల్లాడో గంటలకు మీసాలు గీశాడని, ఇంకోదాన్లో ఎవరో ప్రేమికుడు చివరి పేజీ మీద క్షమించమని రాశాడని దాచుకుంది. మాస్కోలో వేసిన రష్యన్ పుస్తకం ఉంది. ఎస్టోనియాది ఉంది. బైండింగు చేసినవాడు తాగి నడిమి పేజీలు తలకిందులుగా కుట్టింది ఉంది. తొంభైల్లో వార్తాపత్రిక కాగితం మీద వేసింది ఉంది. దాని అట్ట మీద పసుప్పచ్చ జుట్టు దొరసాని ఒకతె సగం బట్టల్తో కత్తి పట్టుకుని నిలబడి ఉంటుంది. "మన గొర్రెల పిల్ల ఇదేనట," అని వచ్చినవాళ్లందరికీ చూపించి నవ్వేది. అన్నిటికన్నా కింది అరలో చూపులేనివాళ్లు వేళ్లతో చదువుకునే ఉబ్బెత్తు చుక్కల పుస్తకం, గోధుమరంగు సంపుటాలు, ఒక్కోటి ఇటుకరాయంత బరువు.

లేనిదల్లా మొట్టమొదటిది. అప్పట్లో మా భాషని లాటిన్ అక్షరాల్లో రాసేవారు. ఆ అక్షరాల్లో అచ్చయింది. తర్వాతి ముద్రణలన్నిట్లో తాన్‌సులూ సరస్సులోంచి బయటికొచ్చి బడిలో చేరుతుంది. మొదటిదాన్లో రాదు. గంటలు మోగుతాయి, జనం లేస్తారు, పిల్ల మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఆ పుస్తకం మాకు తెలిసినంతలో తొక్మోక్‌లో షామెన్ అతా ఒక్కరి దగ్గరే ఉండేది. రైల్వేలో పనిచేసి తేనెటీగలు పెంచుకుంటున్న ముసలాయన, అందుకే గౌరవంగా అతా అంటాం. మా అక్క ప్రతి వేసవిలో వెళ్లి, చేతులు కడుక్కుని, చివరి అధ్యాయం చదువుకుని, ఒక తేనె సీసా పట్టుకుని తిరిగొచ్చేది. అమ్మమని ఏనాడూ అడగలేదు.

ఆ కొనే మనిషి తనంతట తనే అక్క దగ్గరికొచ్చాడు. చలికాలం మొదట్లో, ఊరంతా బొగ్గుపొగ కమ్ముకుని పగలే దీపాలు వేసుకునే రోజుల్లో, పన్ను నొప్పని ఆస్పత్రికి వచ్చాడు. పేరు జార్లిక్. నలభై ఏళ్లుంటాయి. ఇళ్లు కట్టించే వ్యాపారం. మెత్తని గొంతు, శుభ్రమైన గోళ్లు.

"నోట్లో అద్దం పెట్టినా ఊరుకోడే! ఏ ముద్రణలో ఏ పేజీలో ఏ అచ్చుతప్పుందో చెబుతూనే ఉన్నాడు," అంది అక్క సాయంత్రం ఫోన్లో. ఆమె అంత ఆనందంగా మాట్లాడడం నేను చాలా రోజులకి విన్నాను. "శనివారం ఇంటికి రమ్మన్నాను. నువ్వూ రా. బొర్సోక్‌లు వేయించాలి, నా చేతికి ఆ పిండివంట ఉండల్లా రాదు, రాళ్లలా వస్తుంది."

శనివారం జార్లిక్ తేనె కేకు తెచ్చాడు. ఎవరూ చెప్పకుండానే వెళ్లి చేతులు కడుక్కున్నాడు. అల్మరా ముందు నిలబడి ఒక్కో పుస్తకం తీశాడు. అచ్చు వివరాలుండే పేజీ చూశాడు, కుట్టు చూశాడు, అట్ట వెన్ను వాసన చూశాడు, తిరిగి పెట్టేశాడు. నేను బొర్సోక్‌ల పళ్లెం పట్టుకుని చూస్తూనే ఉన్నాను. ఏ పుస్తకంలోనూ ఒక్క వాక్యం చదవలేదు. మా భాషలో అక్కని పిలిచినట్టు ఎజె అంటూ ప్రతిదానికీ ఒకటే ప్రశ్న.

"ఇది ఇంకెవరి దగ్గరుంది ఎజె?"

అక్క పొంగిపోయింది. ఇన్నేళ్లుగా తను పోగేసినదాని గురించి అడిగేవాడు దొరికాడు. ఎస్టోనియాది ఓష్‌లో ఒక టీచరమ్మ దగ్గర ఉందంది. తలకిందుల పేజీలది బాలిక్చీలో ఫలానా లారీ డ్రైవరు ఇంట్లో చూశానంది. మొట్టమొదటిది తొక్మోక్‌లో షామెన్ అతా దగ్గర, రైలు గేటు దాటాక ఆకుపచ్చ తలుపుల ఇల్లు అని గుర్తులతో సహా చెప్పింది.

నేను టీ పోస్తూ అడిగాను. "కథలో మీకు ఏ భాగం ఇష్టం జార్లిక్?"

ఆయన నావైపు తిరిగాడు. ఆ ప్రశ్న తననెవరూ ఎప్పుడూ అడగనట్టు చూశాడు.

"భాగమేమిటి? నాకు మొత్తం కావాలి," అన్నాడు.

ఆయన వెళ్లాక నేను పళ్లెం ఎత్తుతూ అన్నాను. "ఎజె, చూశావా, తను తెచ్చిన కేకు తనే ముట్టుకోలేదు."

"చేతులకి జిడ్డవుతుందని. పుస్తకాల మనిషి అలాగే ఉంటాడు."

"పుస్తకాల మనిషైతే చదవడా?"

"అబ్బ! నీకు ప్రతివాడిలోనూ దొంగే కనబడతాడు. పోయి నీ కర్టెన్లు కుట్టుకోవే."

నాకు బిష్కెక్‌లోనే, ఓష్ బజారు అనే సంత పక్కన కర్టెన్ల దుకాణం. కొలతలు తీసుకోడానికి నెలకి ఎన్నో కొంపలకి వెళ్తాను. మనిషి తన ఇంటి గోడల్ని ఎలా చూస్తాడో చూస్తే వాడు ఎలాంటివాడో కొంత తెలుస్తుంది. జార్లిక్ మా అక్క గోడని కొలత తీసుకునేవాడిలా చూశాడు. అదే చెప్పాను. అక్క చేత్తో కొట్టిపారేసింది.

కొన్ని వారాలకి షామెన్ అతా ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. ముసలాయన గొంతు గదంతా వినబడింది.

"వాణ్ణి నువ్వే పంపావా తల్లీ?"

"ఎవర్ని అతా?"

"మెత్తగా మాట్లాడేవాణ్ణి. మూడుసార్లు వచ్చాడు. అమ్మనన్నాను. నాలుగోసారి నేను ఆస్పత్రికి పోయిన రోజు చూసుకుని వచ్చాడు. మా కోడలు ఇచ్చేసింది. బట్టలుతికే మిషను కొనుక్కుంది దాంతో. ఇదుగో, గిర్రున తిరుగుతోంది, వినబడుతోందా? నీ పేరు చెప్పాడట. కనిషై ఎజె పంపిందన్నాడట."

అక్క లేచి నిలబడింది. "నేను తెస్తాను అతా. తిరిగి అడుగుతాను. మంచివాడే, చెబితే వింటాడు," అంది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం జార్లిక్ ఇంటికి వెళ్లాం. ఊరికి దక్షిణంగా కొండల వైపు కొత్తగా లేచిన పెద్ద పెద్ద ఇళ్లలో ఒకటి. పొగ మా కిందే ఉండిపోయింది. అక్కడ ఎండ కాస్తోంది. అయినా గేటు తీయగానే ముక్కుకి ఘాటైన కంపు కొట్టింది, ఎముకల జిగురు కాలినట్టు.

జార్లిక్ ఇంట్లో లేడు. వాళ్ల అమ్మ ఉంది. తలకి తెల్ల గుడ్డ చుట్టుకున్న, ముడతలన్నీ నవ్వులైపోయిన ముసలామె. కొడుకు పళ్లు బాగుచేసిన డాక్టరని తెలియగానే మా చేతులు పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. బల్ల మీద మీగడ, జామ్, వేడి రొట్టె పెట్టింది. ఇల్లు ఎంత వెచ్చగా ఉందంటే మేం కోట్లే కాదు స్వెట్టర్లు కూడా విప్పాల్సి వచ్చింది.

"వేడి ఎక్కువైందా బిడ్డా? బన్యా పొయ్యి నుంచి ఇంట్లోకి గొట్టాలు వేయించాడు నా కొడుకు. ఆవిరి స్నానానికి ఆవిరీ అయింది, ఇంటికి వేడీ అయింది. ఈ ఏడు బొగ్గు సగం కూడా కొనలేదు మేం."

"మరి దేంతో మండిస్తున్నారు అపా?" అన్నాను.

"పుస్తకాలు," అంది, రొట్టె తుంచి మా ముందు పెడుతూ. "సంచులు సంచులు తెస్తాడు. ఊరికే మండవు అవి, తెలుసా? మూసిన పుస్తకం పొయ్యిలో వేస్తే అంచులు నల్లబడి ఆరిపోతుంది. అట్ట చింపి, కుట్టు విప్పి, విడివిడిగా వేయాలి. నేను కూర్చుని చింపుతాను. నాకు కాలక్షేపం. చదువు రాదు గానీ బొమ్మలు చూస్తాను. అన్నిటి మీదా ఒకే పిల్ల, చేతిలో గంట. పాపం, ఎన్నిసార్లు వేసినా మళ్లీ అదే పిల్ల వస్తుంది."

మా అక్క గిన్నె పక్కకి తోసి లేవబోయింది, టీ బల్ల మీద ఒలికింది. ముసలామె నొచ్చుకుని గుడ్డ తెచ్చి తుడిచింది. "కంపుకి తల తిరిగిందా బిడ్డా? జిగురు వాసన అది. నాకూ మొదట్లో అలాగే ఉండేది."

అప్పుడే గేటు చప్పుడైంది. జార్లిక్ వచ్చాడు. మమ్మల్ని చూసి తడబడలేదు. తల్లి తల మీద ముద్దుపెట్టుకుని, చేతులు కడుక్కుని వచ్చి, "పదండి ఎజె, చూపిస్తాను. మీరు ఎప్పటికైనా వస్తారనుకున్నాను," అన్నాడు.

కిటికీలు లేని గది. మధ్యలో అద్దాల బీరువా. దాన్లో ఒక్కో ముద్రణకి ఒక్కో పుస్తకం, అంతే. కొత్తగా అచ్చాఫీసు నుంచి వచ్చినట్టున్నాయి. ఒక్క మరక లేదు, ఒక్క మడత లేదు. పై అరలో మధ్యన బూడిదరంగు చిన్న పుస్తకం, లాటిన్ అక్షరాలు.

"షామెన్ అతాది," అంది అక్క. అద్దం మీద వేలు పెట్టింది.

"కాదు. ఇది నాది. కజాన్‌లో సంపాదించాను. ఆయన దాన్లో మనవలు గుర్రాల బొమ్మలు వేశారు. ప్రతి పేజీలో గుర్రాలే."

"అదెక్కడ?"

జార్లిక్ గోడ అవతల బన్యా ఉన్న వైపు ఒకసారి చూసి, మళ్లీ బీరువా వైపు తిరిగాడు.

"మా అక్క పేరు వాడుకుని, ఆయన్నుంచి లాక్కుని కాల్చావా?" అన్నాను.

"సైరా ఎజె, కొన్నాను. అడిగిన ధర ఇచ్చాను. నా వస్తువు నా ఇష్టం," అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. తర్వాత మా అక్కతో మాత్రమే మాట్లాడాడు. "వీళ్లకి అర్థం కాదు. మీకు అవుతుంది. ఇంకెవరి దగ్గరా లేనిది చేతికి దొరికినప్పుడు ఇక్కడ ఒక చల్లదనం వస్తుంది కదా?" గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "రాదా? మీకు రాలేదని చెప్పండి. నేను ఆ దారిలోనే ఇంకొంచెం ముందుకెళ్లాను. అందరి దగ్గరా ఉన్నది మంచం కోడు కింద పెడతారు. ఒక్కటే ఉంటే దాని ముందు నిలబడి దండం పెడతారు. ఆ పుస్తకానికి నేను మర్యాద తెస్తున్నాను."

అక్క చూపు బీరువా మీదే ఉంది. అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

"నాకు మూడు తక్కువ," అన్నాడు. "చుక్కల సంపుటాలు, తలకిందుల పేజీలది, ఎస్టోనియాది. ఓష్ టీచరమ్మది నీళ్లలో నానింది, బాలిక్చీ డ్రైవరుది చిరిగింది, పనికిరావు. మీవి బాగున్నాయి."

"పనికొచ్చేవి బీరువాలోకి. మరి తక్కినవి?"

"తక్కినవీ తీసుకుంటాను."

"ఇవ్వను జార్లిక్."

"ఇవ్వక్కర్లేదు," అన్నాడు ప్రేమగా. "నాకు తొందరలేదు. మీ ఒంట్లో రక్తపోటు ఉందన్నారు కదా. ఎవరి తర్వాతైనా ఇల్లు ఖాళీ చేయాలి. పుస్తకాలు ఏం చేయాలో ఎవరికీ తోచదు. అప్పుడు ఎవరో ఒకరు నాకే ఫోన్ చేస్తారు."

గేటు దాకా వచ్చి సాగనంపాడు. ముసలామె ఒక పొట్లంలో బొర్సోక్‌లు కట్టి నా చేతిలో పెట్టింది. దారిలో మురిక్కాలవలో పారేశాను.

తర్వాతి ఆదివారం తొక్మోక్ వెళ్లాం. షామెన్ అతా గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కోడలు మాకు ముఖం చూపించకుండా పశువుల కొట్టంలోకి వెళ్లిపోయింది. దారి పొడుగునా అక్క నిజం చెప్పేస్తానంటూనే వచ్చింది. ఆయన పక్కన కూర్చుంది.

"దొరికిందా తల్లీ?" అన్నాడు.

"దొరికింది అతా. వాడు ఇవ్వనన్నాడు. కానీ భద్రంగా ఉంది. అద్దాల బీరువాలో పెట్టాడు."

"పిల్లల గుర్రాలో?"

"ఉన్నాయి."

"చెరిపేయలేదుగా? అలాంటివాళ్లు తుడుస్తారు రబ్బరుతో."

"లేదు. అన్నీ ఉన్నాయి. నేను చూశాను."

ఆయన ఇటు తిరిగి అక్క చెయ్యి పట్టుకున్నాడు. "అయితే ఫర్వాలేదు. ఎక్కడో ఒకచోట ఉందిగా." ఆ మధ్యాహ్నం లేచి కూర్చుని రెండు గిన్నెల పులుసు తాగాడు. వసంతానికి ముందే పోయాడు, అదే నమ్మకంతో.

మినీబస్సులో వస్తూ అక్క కిటికీలోంచి చూస్తూ అంది. "వాడు అన్నది అబద్ధం కాదు సైరా."

"ఏది?"

"ఆ చల్లదనం. చుక్కల సంపుటాలు దొరికిన రోజు, ఇంకెవరి దగ్గరా లేవని తెలిసినప్పుడు, నాకు ఎంత హాయిగా ఉందో! చూపులేనివాళ్ల పుస్తకం అది. నా ఇంట్లో పెట్టుకున్నాను. నాకు కళ్లున్నాయి, చదవడం రాదు."

"నువ్వు కాల్చలేదుగా."

అక్క కిటికీ మీది ఆవిరి చేత్తో తుడిచింది.

కొన్ని రోజులకి జార్లిక్ నా దుకాణానికి వచ్చాడు. పుస్తకాల గదికి తలుపు దగ్గర వేయడానికి మందపాటి తెర కావాలన్నాడు, లోపలికి వెలుతురు చుక్క కూడా పోకూడదట. ముదురు ఎరుపు గుడ్డ వేళ్ల మధ్య నలిపి చూస్తూ, మామూలుగా అడిగినట్టు అడిగాడు.

"ఎజె ఇంటి తాళంచెవి మీ దగ్గర కూడా ఒకటి ఉంటుంది కదా?"

నేను కత్తెర బల్ల మీద పెట్టాను. "ఆ గుడ్డ అయిపోయింది."

"చేతిలోనే ఉందిగా."

"ఇది అమ్మేశాం."

నవ్వాడు. గుడ్డని జాగ్రత్తగా మడత పెట్టి, అంచులు కలిపి, ఉన్నచోట ఉంచి వెళ్లిపోయాడు. ఆ రోజే మా అక్క ఇంటికి కొత్త తాళం వేయించాను. అక్క తాళం వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"తాళం వల్ల ఏమవుతుంది? ఒక్కచోట ఉన్నంతకాలం వాడు చూసుకుంటూ కూర్చుంటాడు. నేను కాపలా, వాడు ఎదురుచూపు."

మర్నాడు ఆస్పత్రికి నీలం అట్ట పుస్తకాలు ఒక సంచిలో వేసుకుని వెళ్లింది. దవడ వాచి వచ్చిన ట్రాలీబస్సు డ్రైవరమ్మకి పన్ను పీకి, నోట్లో దూది పెట్టి, చేతిలో ఒక పుస్తకం పెట్టింది. ఆమె దూదితోనే "ఇథెందుకు దాక్తరమ్మా?" అందట. "నొప్పి తెలియకుండా. చదివాక ఎవరికైనా ఇచ్చెయ్. నాకు మాత్రం తిరిగి తేవద్దు."

అప్పటినుంచి ఆ కుర్చీలో కూర్చున్న ఎవరూ ఖాళీ చేతుల్తో పోలేదు. నరిన్ వైపు, తలాస్ వైపు పోయే డ్రైవర్లకి ఇచ్చింది. పెళ్లికి వెళ్తే పెళ్లికూతురికి ఇచ్చింది. నేను మొదట్లో పోట్లాడాను.

"ఎజె, నీకు మతిపోయిందా? జీవితమంతా పోగేసి గాలికి వదుల్తావా? కనీసం ఎవరికిచ్చావో గుర్తుపెట్టుకో."

"గుర్తుంటే చెప్పేస్తాను. ఒకసారి చెప్పానుగా," అంది. ఆ తర్వాత నేను కూడా కర్టెన్లు తగిలించడానికి వెళ్లిన ఇళ్లలో కిటికీ గట్టు మీద ఒక్కోటి వదిలేసి రావడం మొదలుపెట్టాను.

చుక్కల సంపుటాలు చూపులేని పిల్లల బడికి ఇద్దరం మోసుకెళ్లాం. ఒక అమ్మాయి అక్కడే నేల మీద కూర్చుని మొదటి పేజీ మీద వేళ్లు పెట్టింది. పెదాలు కదిలాయి. కాసేపటికి, "ఈ సరస్సు చలిగా ఉంది," అంది. అక్క గోడకి ఆనుకుని ఏడ్చింది. బయటికొచ్చాక మాత్రం, "ఆ వేళ్లకి చుక్కలు త్వరగా అరిగిపోతాయి. మంచిదే, వాడి బీరువాకి పనికిరావు," అంది.

ఏప్రిల్లో జార్లిక్ వచ్చాడు. ఆప్రికాట్ పూలు రాలుతున్న పట్టపగలు. ఈసారీ కేకు తెచ్చాడు. చేతులు కడుక్కుని ముందుగదిలోకి వచ్చి ఆగిపోయాడు. అల్మరాల్లో అక్క జామ్ సీసాలు సర్దింది.

"ఎక్కడ?" అన్నాడు.

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"పళ్లు నొప్పి వచ్చినవాళ్లకి."

"పేర్లు?"

"నోరు తెరిస్తే పళ్లు చూస్తాను జార్లిక్, పేర్లు చూడను."

మొదటిసారి వాడి గొంతు మారింది. గట్టిగా అరవలేదు, సన్నబడింది. "అన్నీనా? ఎస్టోనియాది కూడానా? ఎవడో దాని మీద చేప పెట్టి కోస్తాడు. మీకు తెలుస్తోందా మీరేం చేశారో?"

"చేప కోయనీ. పిల్లలు గుర్రాలు గీయనీ."

వాడు కుర్చీలో కూలబడ్డాడు. టీ అడిగాడు. నేను పోశాను, ఎందుకు పోశానో నాకు తెలియదు, మా ఇళ్లలో అడిగినవాడికి టీ పోయకుండా ఉండలేం. గిన్నె ఖాళీ చేసి, అరచేతుల్తో ముఖం తుడుచుకుని లేచాడు.

"అయితే ఇల్లిల్లూ తిరగాలన్నమాట," అన్నాడు. బెదిరింపులా కాదు, తనకు తనే చెప్పుకున్నట్టు.

నిజంగానే తిరిగాడు. వ్యాపారం తమ్ముడికి వదిలేశాడని విన్నాం. కొచ్‌కోర్ బజారులో కనబడ్డాడని ఒకరు, తలాస్‌లో ఒక ముసలామె కుక్కల్ని వదిలిందని ఇంకొకరు. నేను కిటికీ గట్టు మీద వదిలేసిన ఇళ్లలో ఒకచోట, "మెత్తగా మాట్లాడే మనిషి వచ్చి కొనుక్కుపోయాడమ్మా," అని చెప్పారు. అక్కకి ఆ మాట చెప్పలేదు.

తర్వాత అక్కకి ఫోన్లు మొదలయ్యాయి. వారానికొకసారి, ఒక్కోసారి రెండుసార్లు. ఒకటే ప్రశ్న. "ఎజె, తలకిందుల పేజీలది ఎవరికిచ్చారో గుర్తొచ్చిందా?" "లేదు." "ఎస్టోనియాది?" "లేదు." "ఆరోగ్యం ఎలా ఉంది?" "బాగుంది." అంతే. ఒకసారి నేనే ఎత్తాను. వాడి వెనక గాలి హోరు, ఎక్కడో కనుమ మీద ఉన్నట్టుంది. గొంతు బాగా అరిగిపోయింది. "ఎజెకి చెప్పండి, నాకు నిద్ర పట్టడం లేదని," అన్నాడు.

"నంబరు మార్చు ఎజె. నాకు భయంగా ఉంది," అన్నాను.

"మార్చను."

"ఎందుకు? వాడి గొంతు వినడం ఇష్టమా?"

"వాడు అడుగుతున్నాడంటే ఎక్కడో ఒకటి ఇంకా దొరకలేదనేగా?" అంది, ఆలుగడ్డ తొక్క తీస్తూ. "ఏ ఇంట్లోనో తెలియదు. ఉంది. వాడు చెబితేనే నాకు తెలుస్తుంది."

ఆ ఫోన్ల కోసం ఎదురుచూడటం అలవాటైపోయింది ఆమెకి. వచ్చిన రోజు అన్నం సరిగ్గా తినేది. అలా రెండు చలికాలాలు గడిచాయి.

ఈ ఏడు మొదటి మంచు పడిన దగ్గర్నుంచి ఫోన్ రాలేదు.

వాడు చనిపోయాడేమో అన్నాను. విసుగొచ్చి మానేశాడేమో అన్నాను. ఏ కనుమలోనో బండి జారిందేమో అని కూడా అన్నాను, అలా అనుకోవడం పాపమని తెలిసీ. వాడికి అన్నీ దొరికిపోయాయేమో అని మాత్రం అనలేదు. అక్క ఆస్పత్రికి సెలవు పెట్టేసింది. ముందుగదిలో కుర్చీ వేసుకుని ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది. నేను చేస్తే మొదటి మోతకే ఎత్తుతుంది. నా గొంతు విని, "నువ్వా," అంటుంది.